ఆగమనకండి, నోటీసు ఇవ్వమనండి

గోదావరి డెల్టాలో పెద్ద కంపెనీలకు సరుకు వేసే చిన్న వ్యాపారుల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

పాలకొల్లు పక్కన మాదొక చిన్న ఐస్ ఫ్యాక్టరీ. మా నాన్నగారు పెట్టింది. రొయ్యల చెరువు పట్టుబడి ఉందని తెల్లవారుజామున రెండింటికి లారీ వస్తే లేచి దిమ్మలు ఎక్కించడం దగ్గర్నుంచి బిల్లు రాసి పంపడం దాకా అన్నీ మేమే చూసుకుంటాం. నేను లాయర్ని కాను. ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీతో వచ్చిన తగాదా వల్ల ఈ నాలుగు ముక్కల చట్టం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యానికి రెండు బిల్లులు, 4 లక్షల 6 వేల రూపాయలు, పోయాయి. కంపెనీ కట్టలేదు, నిజమే. కానీ అవి అడగడానికి కూడా వీల్లేకుండా పోయింది మనందరం కలిసి ఆగి ఆగి కూర్చున్నందుకు. అందుకే ఈ ఉత్తరం కంపెనీకి కాకుండా మీకు రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను. 2022 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒప్పందం. కంపెనీ రోజుకు కనీసం 60 దిమ్మలు తీసుకోవాలి. తీసుకోకపోయినా నెలాఖరుకు ఆ 60 లెక్కన డబ్బు కట్టాలి. ఆ మాట పట్టుబట్టి రాయించుకున్నాను, ఎందుకంటే ఐస్ ఫ్యాక్టరీ ఇవాళ మూసి రేపు తెరిచేది కాదు. కంప్రెసర్ ఆపినా కరెంటు మినిమం ఛార్జీ ఆగదు, ఆపరేటర్ జీతం ఆగదు. బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లింపు. చివర్లో 19వ క్లాజు: వివాదం వస్తే 30 రోజులు మాట్లాడుకోవాలి, తేలకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు ఒక మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) విని తీర్పు చెప్పడం.

ఏప్రిల్, మే బిల్లులు తూకంలో తేడా ఉందని ఆపారు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఏ బిల్లుకు ఆ బిల్లు కట్టారు. సెప్టెంబర్, అక్టోబర్ మళ్ళీ ఆగాయి. నవంబర్ 1 నుంచి లారీ రావడమే మానేసింది. కంపెనీ సొంతంగా ఫ్లేక్ ఐస్ మెషిన్ పెట్టుకుందని లారీ డ్రైవర్ చెబితే తెలిసింది.

అకౌంట్స్‌కి ఫోన్ చేస్తే, "మా బుక్స్‌లో అలాంటి ఇష్యూ ఏమీ కనపడట్లేదండి" అన్నారు. పర్చేజ్ మేనేజర్‌ను కలిస్తే కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మన మధ్య గొడవేం లేదు కదండీ, డిస్ప్యూట్ అనే మాట ఎందుకు?" అన్నాడు. ఆరు ఈమెయిళ్లు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇవ్వనంటే పోట్లాడొచ్చు, ఇస్తానంటే ఎప్పుడని అడగొచ్చు. అసలేమీ జరగనట్టు ఉండేవాళ్లతో ఏం చేయాలో నాకు తోచలేదు. రాత్రుళ్లు అదే టెన్షన్.

అప్పుడు మా సంఘం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నాన్నగారికి స్నేహితుడు. "పెద్ద కంపెనీ. రేపు మళ్ళీ వాళ్లతోనే పని. కాగితాల దాకా పోతే మొహాలు చెడతాయి. నేను ఎండీ గారితో మాట్లాడతాను, నువ్వు ఆగు బాబూ" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నిజంగానే రెండు మూడుసార్లు మాట్లాడారు కూడా. సంక్రాంతి అవ్వనీ అన్నారు, మావుళ్లమ్మ ఉత్సవాలు అవ్వనీ అన్నారు, సీజన్ అవ్వనీ అన్నారు, 2024లో ఎలక్షన్లు అవ్వనీ అన్నారు. నేనూ సరేనన్నాను. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే నాకూ కాగితం పంపాలంటే భయమే.

మనకు బాగా తెలిసిన సంగతి ఒకటి ఉంది కదా. శివారు చేనుకి నీళ్లు ఆఖర్న వస్తాయి. ఇవాళ వదులుతారు, రేపు వదులుతారు అని కాలువ నీళ్లు వదిలే లస్కర్ని బతిమాలుకుంటూ గట్టు మీద కూర్చుంటే ఊడ్పుల అదను దాటిపోతుంది. తర్వాత కాలువ నిండా నీళ్లొచ్చినా మడిలో నారు ముదిరిపోయి ఉంటుంది. బకాయి బిల్లుకూ అలాంటి అదనే ఉంది. కట్టాల్సిన రోజు నుంచి 3 సంవత్సరాలు. మా ఏప్రిల్ బిల్లు గడువు 2022 మే 30. అంటే 2025 మే 30తో దాని పని అయిపోయింది. మే బిల్లు 2025 జూన్ 30తో పోయింది. మా నోటీసు కంపెనీ గేటుకు చేరింది 2025 జులై 9న. ఒక బిల్లుకి 40 రోజులు ఆలస్యం, ఇంకో దానికి 9 రోజులు. తొమ్మిది రోజులు, అయ్యా.

"మధ్యలో ఈమెయిళ్లు పంపావు కదా, అవి లెక్కకు రావా?" అని మీలో కొందరు అడిగారు. రావు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ మీద వచ్చిన ఒక కేసులో 1988లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది: రిమైండర్లు రాసుకుంటూ పోయినంత మాత్రాన గడువు పెరగదు. గడువు మళ్ళీ మొదలవ్వాలంటే అప్పు ఉందని అవతలివాళ్లు రాసి సంతకం పెట్టాలి, లేదా కొంత డబ్బు కట్టి అది వాళ్ల రాతలో కనపడాలి. ఈ గడువుల గురించి చెప్పే లిమిటేషన్ చట్టంలో 18, 19 సెక్షన్లు అవే. అదీ 3 ఏళ్లు దాటకముందే జరగాలి. పెద్దమనిషికి ఫోన్లో "చూద్దాం లెండి" అన్న మాట ఎందుకూ కొరగాదు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. మనలాంటి వాళ్లకు అది మరీ ముఖ్యం. డబ్బు కట్టకుండా ఊరుకున్నంత మాత్రాన వివాదం ఉన్నట్టు కాదని, ఒకరు ఇది నాకు రావాలని అడగాలి, రెండోవారు కాదనాలి అని కోర్టు అంది. అయితే కాదన్నట్టా కాదా అన్నది ఆయా కేసు పరిస్థితులను బట్టి చూడాలని కూడా అంది. కంపెనీలు నోరు విప్పకపోవడానికి ఇదో కారణమని నాకు అప్పుడు అర్థమైంది. కాదంటే వివాదం పుడుతుంది. అందుకని కాదనరు, అవుననరు. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఎంత రావాలో, ఏ క్లాజు ప్రకారం రావాలో తేదీలతో సహా రాసి, ఫలానా రోజులోగా జవాబు ఇవ్వకపోతే మా క్లెయిమును మీరు ఒప్పుకోవడం లేదనే భావిస్తాం అని స్పష్టంగా చెప్పాలి. ఆ తర్వాత వాళ్ల మౌనాన్ని చూపించడానికి మన దగ్గర ఒక తేదీ ఉంటుంది. మా 30 రోజుల మాటల క్లాజుకు కూడా అదే లెక్క పనికొచ్చింది. మేం పిలిచాం, వాళ్లు రాలేదు అని కాగితం చెబుతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. "లీగల్ నోటీసు ఇచ్చాం కదా" అనుకుంటారు. 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే చట్టపరమైన చర్యలు తీసుకుంటాం అని రాసిన నోటీసు వేరు, ఆర్బిట్రేషన్ మొదలుపెట్టే నోటీసు వేరు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపాలన్న కోరిక అవతలివారికి అందిన రోజున ప్రొసీడింగ్స్ మొదలైనట్టు. లిమిటేషన్ గడియారం ఆగేది కూడా ఆ రోజునే. వాళ్లు ఒప్పుకున్న రోజు అని చట్టం ఎక్కడా అనలేదు, అందిన రోజు అంది. కాబట్టి నోటీసులో "19వ క్లాజు ప్రకారం ఈ వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపుతున్నాం, ఆర్బిట్రేటర్‌గా ఈ పేర్లు ప్రతిపాదిస్తున్నాం, 30 రోజుల్లో మీ అంగీకారం తెలపండి" అన్న వాక్యం ఉండి తీరాలి. కంపెనీ ఒప్పుకోకపోతే ఆర్బిట్రేషన్ ఎలా మొదలవుతుంది అని నేను రెండున్నరేళ్లు అనుకున్నాను. అదే నా పెద్ద తప్పు. వాళ్ల ఒప్పుదల ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే అయిపోయింది.

మా నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో ఫ్యాక్టరీ అడ్రసుకు ఒకటి, రిజిస్టర్డ్ ఆఫీసుకు ఒకటి పంపాం, ఈమెయిల్లో కూడా పెట్టాం. ఫ్యాక్టరీకి పంపింది తిరిగొచ్చింది. ఆ కవరు ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. గోధుమ రంగు కవరు, ఒక మూల వానకి తడిసి ఉబ్బింది. మా అడ్రసు పైన పోస్ట్‌మ్యాన్ నీలం బాల్‌పెన్నుతో 'రెఫ్యూజ్డ్, 9.7.25' అని రాసి పొట్టి సంతకం చేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ తీసుకోనన్నాడట. అది చూడగానే నా గుండె జారిపోయింది. అంతా వృథా అనుకున్నాను. మా లాయరు గారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "దీన్ని విప్పకండి. ఇది అందినట్టే" అన్నారు. వ్యాపారం చేసే చోట ఇస్తే అందినట్టేనని, సరైన అడ్రసుకు పంపిన రిజిస్టర్డ్ పోస్టును వద్దని తిప్పి పంపడం కూడా అందడం కిందికే వస్తుందని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయట. సీలు చింపకుండా అలాగే దాచాం.

ఒప్పందంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఎండీయే నియమిస్తారని రాశారు. మనలో చాలామంది ఒప్పందాల్లో ఇదే వాక్యం ఉంటుంది, మనం చదవకుండానే సంతకం పెడతాం. తగాదాలో స్వార్థం ఉన్నవాడు తానే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించకూడదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఒక పక్షమే నియమించడాన్ని తప్పుపట్టింది. అందువల్ల మా నోటీసులో మేమే ముగ్గురు రిటైర్డ్ జడ్జీల పేర్లు ఇచ్చి ఒకరిని ఎంచుకోమన్నాం. 30 రోజులు గడిచాయి. మామూలే, జవాబు లేదు. అప్పుడు ఆర్బిట్రేటర్‌ను నియమించమని 11వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాం. భీమవరం కోర్టులో దావా వేసేద్దాం అని ముందు అనుకున్నాం కానీ, అలా చేస్తే కంపెనీ వచ్చి 8వ సెక్షన్ చూపించి ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉంది, అక్కడికే పంపండి అనేదని లాయరు గారు ఆపారు.

హైకోర్టులో మొదటిసారి కంపెనీ తరఫు లాయరు కనపడ్డారు. వివాదమే లేదు కాబట్టి ఈ దరఖాస్తు తొందరపాటు అన్నారు. ఈ దశలో కోర్టు చూడాల్సింది ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉందా లేదా అన్నదే, మిగతాదంతా ఆర్బిట్రేటర్ తేల్చుకుంటారు. మా దగ్గర 19వ క్లాజు, దాని కింద రెండు సంతకాలు ఉన్నాయి. ఒక రిటైర్డ్ జిల్లా జడ్జిని నియమించారు. ఇలాంటి దరఖాస్తును 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. ప్రయత్నం అనే ఉంది కాబట్టి వాయిదాలకు సిద్ధపడే వెళ్లాలి.

మొదటి సిట్టింగుకు కంపెనీ రాలేదు. ఇక గెలిచేశాం అనుకున్నాను. అలా కాదు. 25వ సెక్షన్ ప్రకారం ఎదుటివారు జవాబు దాఖలు చేయకపోయినా, రాకపోయినా ఆర్బిట్రేషన్ ఆగదు, కానీ వాళ్లు రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని కూడా అనుకోరు. మన లెక్క మనం రుజువు చేయాల్సిందే.

అక్కడ మమ్మల్ని కాపాడినవి ట్రిప్పు చీటీలు. ఐస్ పని చేసేవాళ్లకి తెలుసు, ఆ చీటీ ఎప్పుడూ పొడిగా ఉండదు. దిమ్మలు ఎక్కించిన చేత్తోనే రాస్తాం, ఆ చేత్తోనే డ్రైవర్ జేబులో పెట్టుకుంటాడు. కంపెనీ గేటులో ముద్ర వేసి వెనక్కి ఇచ్చేసరికి సిరా పాకిపోయి ఉంటుంది. మా ఇంట్లో ఆవిడ వాటిని రోజూ సాయంత్రం ఫ్యాను కింద పేపరు మీద పరిచి ఆరబెట్టి, నెలవారీగా గుచ్చి, బియ్యం డబ్బా మూతలో పెట్టేది. "ఎందుకే ఈ చెత్త" అని నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. సెప్టెంబర్, అక్టోబర్ నెలల చీటీల్లో మూడు తప్ప అన్నిటి మీదా గేటు ముద్ర, తేదీ కనపడుతున్నాయి. ఆర్బిట్రేటర్ గారు భూతద్దం తెప్పించుకుని ఒక్కొక్కటీ చూశారు. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు కూడా పెట్టాం. వాటికి 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కూడా జత చేశాం. ఫోన్ మార్చేటప్పుడు చాట్లు పోగొట్టుకోవద్దని మన కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి.

రెండో సిట్టింగుకు కంపెనీ వచ్చింది. మళ్ళీ వివాదం లేదనే అన్నారు. "వివాదం లేకపోతే డబ్బు ఎందుకు కట్టలేదు?" అని ఆర్బిట్రేటర్ గారు నెమ్మదిగా అడిగారు. జవాబు రాసి ఇస్తామని గడువు తీసుకున్నారు. కంపెనీ తన మాట కాగితం మీద పెడతాననడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఇంకా తీర్పు రాలేదు. అడిగినదంతా వస్తుందని కూడా నేను అనుకోవడం లేదు. నవంబర్ నుంచి మార్చి దాకా మిగిలిపోయిన ఐస్‌లో కొంత బయట చెరువులకు అమ్మాను. నష్టాన్ని తగ్గించుకునే దారి ఉన్నంత మేర లెక్కలోంచి తీసేస్తారు, అది న్యాయమే. ఏప్రిల్, మే బిల్లులు అసలు క్లెయిములోనే పెట్టలేదు.

ఖర్చు సంగతి కూడా దాచకుండా చెబుతాను, తెలియక దిగితే మధ్యలో ఊపిరాడదు. మా క్లెయిము 14 లక్షలు. చట్టం నాలుగో షెడ్యూలు లెక్కన ఆర్బిట్రేటర్ ఫీజు 76,500 రూపాయలు, ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే దానిమీద 25 శాతం కలిపి సుమారు 95,600. చెరి సగం కట్టాలి. కంపెనీ తన సగం కట్టకపోతే అది కూడా మనమే ముందు కట్టాలి, లేకపోతే విచారణ ఆగిపోవచ్చు. మేం బంగారం కుదువ పెట్టి కట్టాం.

చిన్న పరిశ్రమలకు ఇంతకంటే దగ్గరి దారి ఉంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర కొన్నవాళ్లు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళితే ముందు రాజీ ప్రయత్నం చేస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు తీసుకుంటారు. ఒప్పందంలో వేరే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారికే పైచేయి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పును కంపెనీ సవాలు చేయాలంటే 75 శాతం డబ్బు ముందు జమ చేయాలి. మరి నేనెందుకు వెళ్లలేదంటే, చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యం నమోదు మేం సరఫరా ఆగిపోయాక చేయించాం. తర్వాత చేయించుకున్న నమోదు వెనకటి సరఫరాలకు వర్తించదని 2021లో ఒక తీర్పు ఉంది. ఆ విషయం 2025లో మళ్ళీ పెద్ద ధర్మాసనానికి వెళ్లిందని విన్నాక కూడా మేం రిస్కు తీసుకోలేదు. నమోదుకు పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్, జీఎస్టీ వర్తించేవాళ్లకి ఆ నంబరు ఉంటే చాలు, ఆన్‌లైన్లో అయిపోతుంది. మన సభ్యుల్లో ఎంతమందికి ఉందో మీరు ఒక్కసారి లెక్క తీయండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దగ్గర్నుంచి భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు ఎవర్ని కదిపినా ఒకటే మాట. ఎగుమతి బాలేదు, బిల్లులు ఆగాయి అని. కష్టం నిజమే కావచ్చు. కష్టంలో ఉన్న కంపెనీకి గడువు ఇవ్వడం మన పద్ధతి, ఇద్దాం. కానీ ఆ గడువు కాగితం మీద ఇద్దాం. థర్మాకోల్ బాక్సులు వేసే కుర్రాడు, అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు పంపే ఆవిడ, రెండు వ్యాన్లు తిప్పే మా బావమరిది, అందరూ ఇప్పుడు నేను 2022లో కూర్చున్న చోటే కూర్చుని ఉన్నారు. వాళ్లు మీ దగ్గరికే వస్తారు.

వచ్చినప్పుడు మీరు చేయగలిగింది చాలా ఉంది. కంపెనీ ఎండీకి ఫోన్ చేయొద్దని నేను అనడం లేదు. చేయండి, మీ మాటకి విలువ ఉంది. అయితే ఆ ఫోన్ చివర, "ఫలానా తేదీ నాటికి ఇంత బాకీ ఉన్నాం, ఇన్ని వాయిదాల్లో కడతాం" అని లెటర్‌హెడ్ మీద సంతకం అడగండి. మీ పరపతితో ఆ ఒక్క కాగితం తెచ్చారంటే మాకు మరో 3 ఏళ్ల గడువు తెచ్చినట్టు. సంతకం పెట్టనంటే, ఆ వారంలోనే 21వ సెక్షన్ నోటీసు ఇవ్వమని మా వాడితో చెప్పండి. సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టించండి. ఎవరి బిల్లు ఏ తేదీకి కట్టాలి, 3 ఏళ్లు ఎప్పుడు నిండుతాయి అన్నది అందులో రాయిస్తే నాలాగా తొమ్మిది రోజుల తేడాతో ఎవరూ పోగొట్టుకోరు. ఒప్పందం నమూనా కూడా ఒకటి తయారు చేయించండి. ఆర్బిట్రేటర్‌ను కంపెనీ నియమించే వాక్యం అందులో ఉండకూడదు, ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి, విచారణ భీమవరంలోనో అమలాపురంలోనో మనకి అందే చోట జరగాలి. అందరం ఒకే నమూనా పట్టుకెళితే ఒక్కడిని పక్కన పెట్టడం ఏ కంపెనీకైనా కష్టం.

మొహాలు చెడతాయన్న భయం గురించి కూడా ఒక మాట. నోటీసు ఇచ్చాక అదే కంపెనీ పర్చేజ్ మేనేజర్ మొన్న పెళ్ళిలో ఎదురుపడి, "ఎలా ఉన్నారండీ" అని పలకరించాడు. నేనూ పలకరించాను.

వచ్చే నెల జనరల్ బాడీ అజెండాలో ఈ విషయం చేర్చమని కోరుతున్నాను. మా నోటీసు కాపీలు జెరాక్స్ తీయించి తెస్తాను, కంపెనీ పేరు కొట్టేసి. విప్పని ఆ కవరు కూడా తెస్తాను. ముందు వరసలో కూర్చునే మా పెద్దాయన చేతికే దాన్ని మొదట ఇస్తాను.

ఇట్లు,
మీ సభ్యుడు,
పాలకొల్లు దగ్గరి ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని